హాస్కెల్‌లో బ్యాంకు ఫైళ్లు చదవడానికి ఏ పార్సర్ లైబ్రరీ మంచిది? మెగాపార్సెకా, అట్టోపార్సెకా?

సిల్క్‌బోర్డ్_బాధితుడు:

అందరికీ నమస్తే. బెంగళూరులో హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్ దగ్గర ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నా. మాది రికన్సిలియేషన్ పని, అంటే బ్యాంకులు పంపే స్టేట్‌మెంట్ ఫైళ్లు తీసుకుని కస్టమర్ల లెక్కలతో పైసాతో సహా సరిపోయాయో లేదో చూడటం. బ్యాకెండ్ మొత్తం హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. నేను చేరేనాటికే అలా ఉంది, ఎందుకు ఎంచుకున్నారని అడిగితే ఒకరి వైపు ఒకరు చూపిస్తారు, ఆ కథ ఇప్పుడొద్దు. ఫైళ్లు చదివే భాగం, అంటే పార్సర్, తిరగరాసే పని మాత్రం నా మెడకు చుట్టారు. ఇప్పుడున్నది రెగెక్స్‌లూ స్ప్లిట్‌లూ కలిపి ఎవరో రాసిపోయింది, ఒకచోట సరిచేస్తే ఇంకోచోట ఊడుతోంది.

వచ్చే ఫైళ్లు మూడు రకాలు. సీఎస్‌వీ ఒకటి, ఫిక్స్‌డ్ విడ్త్ టెక్స్ట్ ఒకటి, అసలు తలనొప్పి ఎంటీ940, అంటే బ్యాంకులు ఖాతా స్టేట్‌మెంట్లు పంపే స్విఫ్ట్ ఫార్మాట్. ఎప్పుడూ చూడనివాళ్ల కోసం, అందులో ఒక లావాదేవీ ఇలా మొదలవుతుంది:

:61:2403150315డి12500,00ఎన్‌టీఆర్‌ఎఫ్

మొదటి ఆరంకెలు తేదీ, 2024 మార్చి 15. తర్వాతి నాలుగు ఎంట్రీ తేదీ, అది ఉండొచ్చు, ఉండకపోవచ్చు. డి అంటే డెబిట్, సి అంటే క్రెడిట్, రివర్సల్ అయితే వాటి ముందు ఆర్ వస్తుంది. ఆ తర్వాత మొత్తం, పైసలకు ముందు చుక్క కాకుండా కామా. ఎన్‌టీఆర్‌ఎఫ్ అంటే ట్రాన్స్‌ఫర్ (చూసినప్పుడల్లా అన్నగారే గుర్తొస్తారు, ఏం చేయను). దీని కింద :86: అని వివరం ఉంటుంది, అది ఆరు లైన్ల దాకా సాగొచ్చు.

నేను చూసిన లైబ్రరీలు పార్సెక్, మెగాపార్సెక్, అట్టోపార్సెక్, ఫ్లాట్‌పార్స్, సీఎస్‌వీకి కసావా. నెట్‌లో వెతికితే సగం మంది స్పీడ్ అంటారు, సగం మంది ఎర్రర్ మెసేజ్‌లు అంటారు, పోలికలేమో జేసన్ అనే డేటా ఫార్మాట్ చదివే బెంచ్‌మార్కుల దగ్గరే ఆగిపోతున్నాయి. మాకు నెలాఖరు ఫైళ్లు వందల ఎంబీలు ఉంటాయి, టీమ్‌లో ఇద్దరు హాస్కెల్‌కి కొత్త. ప్రొడక్షన్‌లో నిజంగా వాడినవాళ్లు ఉంటే చెప్పండి, దేనికి వెళ్లాలి?

లేజీ_లక్ష్మి:

ఎంటీ940కి మెగాపార్సెక్. కారణాలు చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది.

ఫైలు ఫెయిలైనప్పుడు ఆ ఎర్రర్ ఎవరు చదువుతారో ముందు చూసుకోండి. మీరైతే చదవరు. ఆపరేషన్స్ వాళ్లు చదువుతారు, చదివి బ్యాంకుకి మెయిల్ పెడతారు. ఆ మెయిల్‌లో "ఫెయిల్డ్ రీడింగ్: సాటిస్ఫై" అని ఉంటే అవతలివాడు ఏం చేసుకుంటాడు? అట్టోపార్సెక్ మామూలుగా ఇచ్చేది అదే, లేకపోతే "నాట్ ఎనఫ్ ఇన్‌పుట్". లైను నంబరు ఉండదు, కాలమ్ ఉండదు, ఎందుకంటే స్పీడ్ కోసం ఆ లెక్కలే అది పెట్టుకోదు. అదే మెగాపార్సెక్‌లో, మీరిచ్చిన లైన్లోనే కామా బదులు చుక్క పడిందనుకోండి, ఫైలు పేరు చెప్తుంది, ఎన్నో లైనో చెప్తుంది, 21వ అక్షరం అని చెప్తుంది, ఆ లైనుని అలాగే ప్రింట్ చేసి చుక్క కింద గుర్తు పెట్టి "ఇక్కడ చుక్క వచ్చింది, కామా గానీ అంకె గానీ రావాలి" అని చూపిస్తుంది. పార్సర్‌కి లేబుల్ తగిలిస్తే "అంకె" అనేచోట "లావాదేవీ మొత్తం" అని మీరు పెట్టిన పేరే వస్తుంది. ఆ ముక్క కాపీ చేసి బ్యాంకుకి పంపేస్తే మధ్యలో మిమ్మల్ని ఎవరూ పిలవరు. నెలాఖరు రాత్రి పదకొండింటికి ఫోన్ మోగకపోవడం కంటే పెద్ద ఫీచర్ ఏ లైబ్రరీలోనూ లేదని నా అభిప్రాయం.

ఇంకో సంగతి, విత్‌రికవరీ అని ఒక ఫంక్షన్ ఉంది. ఒక లావాదేవీ చెడిపోతే అక్కడే ఆగిపోకుండా తప్పుని రాసిపెట్టుకుని తర్వాతి :61: దాకా దాటేసి మిగతా ఫైలు చదువుకుంటూ పోవచ్చు, చివర్లో తప్పులన్నీ ఒకేసారి బయటపెట్టొచ్చు. బ్యాంకుతో రోజుకొక తప్పు చొప్పున వారమంతా మెయిళ్లు నడపడం తప్పుతుంది.

ఇది 2015లో మార్క్ కార్పోవ్ పార్సెక్ నుంచి విడదీసి మొదలుపెట్టిన ఫోర్క్. హెచ్‌లెడ్జర్ అనే అకౌంటింగ్ టూల్ దీనిమీదే నడుస్తుంది, అంటే డబ్బు లెక్కల ఫైళ్లు దీనికి కొత్త కాదు. స్లో అనే పేరు పాతది. 6వ వెర్షన్ నుంచి అక్షరం అక్షరం కాకుండా ఒక్కసారే ముక్కగా తీసుకునే ఫంక్షన్లు వచ్చాయి, టేక్‌వైల్‌పీ లాంటివి, అవి వాడితే తేడా బాగా తెలుస్తుంది. కాకపోతే టైపు సిగ్నేచర్లలో మీ పార్సర్ టైపు నేరుగా రాయండి. మోనాడ్‌పార్సెక్ క్లాస్ పెట్టి అన్నిటికీ పనికొచ్చేలా రాస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ, కంపైలర్ దాన్ని స్పెషలైజ్ చేయని రోజున కాళ్లీడ్చుకుంటూ నడుస్తుంది. పైన స్టేట్‌టీ పొరలు (అదనంగా స్టేట్ మోసేవి) కూడా వేయకండి.

మోనాడ్_మావయ్య:

పార్సెక్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. డాన్ లేయెన్ చేసింది, 2001 నాటికే ఉంది, మిగతావన్నీ దాని పిల్లలో మనవలో. హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీతో పాటే వస్తుంది, వేరే ప్యాకేజీ తెచ్చుకోనక్కర్లేదు, ఇవాళ్టికి దాని గొప్ప అంతవరకే. కొత్త కోడ్‌కి వద్దు. హ్యాపీ, అలెక్స్ (పార్సర్, లెక్సర్ తయారుచేసే టూల్స్) అని ఎవరైనా అంటే వినకండి, జీహెచ్‌సీ తన సొంత కోడ్ చదవడానికి వాడేది వాటినే, కానీ మీరు కొత్త భాష రాయట్లేదు, బ్యాంకు ఫైలు చదువుతున్నారు. లైసెన్సులు కంపెనీ వాళ్లు అడిగితే, మీరు రాసినవన్నీ బీఎస్‌డీ లేదా ఎంఐటీ, గొడవ లేదు.

కొత్తవాళ్ల గురించి టెన్షన్ పడకండి. బెంగళూరులో హాస్కెల్ అనగానే జస్‌పే, హసురా కంపెనీల పేర్లే చెప్తారు కదా, అలాంటి చోట్ల చేరేవాళ్లలో కూడా చాలామంది పనిలోనే నేర్చుకుంటారు. మోనాడ్ పాఠం చెప్పడం కంటే చేతికి ఒక ఎంటీ940 ఫైలిచ్చి :60ఎఫ్: లైను, అదే ఓపెనింగ్ బ్యాలెన్స్, చదివే పార్సర్ రాయమనండి. గుర్తు, తేదీ, కరెన్సీ, మొత్తం, నాలుగే ముక్కలు. సాయంత్రానికి డూ నొటేషన్ (మెట్లు వరసగా రాసే పద్ధతి) అర్థమైపోతుంది.

కర్రీపాయింట్:

లక్ష్మిగారూ, అట్టోపార్సెక్‌ని మరీ అంత చిన్నచూపు చూస్తే ఎలాగండీ.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటా, మెసేజ్‌లు దరిద్రంగా ఉంటాయి. కానీ మెగాపార్సెక్‌కి ఇన్‌పుట్ మొత్తం ఒకేసారి చేతిలో పెట్టాలి. అట్టోపార్సెక్‌కి అక్కర్లేదు. ముక్క ఇస్తే అక్కడిదాకా చదివి "పార్షియల్" అని ఆగుతుంది, ఇంకో ముక్క ఇస్తే అక్కణ్నుంచే కొనసాగిస్తుంది. వందల ఎంబీల ఫైలుని ఎస్‌ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే ప్రోటోకాల్) నుంచి వస్తున్నది వస్తున్నట్టే చదివేయొచ్చు. బ్రయాన్ ఒసల్లివన్ దీన్ని రాసిందే నెట్‌వర్క్ ప్రోటోకాళ్లు, అడ్డదిడ్డంగా వచ్చే ఫైల్ ఫార్మాట్లు దృష్టిలో పెట్టుకుని. లైను నంబర్లు కావాలంటే, డేటాని ముక్కలుగా నడిపే కాండ్యూట్ లైబ్రరీకి తోడైన కాండ్యూట్ ఎక్స్‌ట్రా ప్యాకేజీలో అట్టోపార్సెక్ మాడ్యూల్ ఉంది, ఫెయిలైన లైనూ కాలమూ అది చెప్తుంది. ఏం రావాలో మాత్రం చెప్పదు, అక్కడ లక్ష్మిగారిదే పైచేయి.

ఇక అందరూ దాటేసే విషయం మెమరీ. మెగాపార్సెక్ వాడినా, అట్టోపార్సెక్ వాడినా టెక్స్ట్ ముక్క తీస్తే అది కాపీ కాదు, అసలు బఫర్‌లోకే ఒక కిటికీ. 300 ఎంబీ ఫైలు మొత్తం టెక్స్ట్‌గా చదివి, అందులోంచి పదహారక్షరాల రిఫరెన్స్ నంబర్లు మాత్రం తీసి మ్యాప్‌లో పెట్టుకున్నారనుకోండి, ఫైలు పని అయిపోయిందని మీరనుకుంటారు, కానీ ఆ చిన్న ముక్కల్లో ఒక్కటి బతికున్నంతకాలం బఫర్ మొత్తం మెమరీలోనే కూర్చుంటుంది. అలాంటి ఫైళ్లు నాలుగు వరసగా వస్తే సర్వర్ చచ్చిపోతుంది, అప్పుడు అందరూ "హాస్కెల్ లేజీ కదా, అందుకే లీక్" అంటారు. లేజీనెస్‌కి (విలువని అవసరమైనప్పుడే లెక్కించడానికి) దీనితో ఏ సంబంధమూ లేదు. దాచుకునే ప్రతి ముక్క మీదా టెక్స్ట్ మాడ్యూల్‌లోని కాపీ ఫంక్షన్ పిలవండి, బైట్‌స్ట్రింగ్‌కీ (ముడి బైట్ల టైపు) అదే పేరుతో ఉంది. లైబ్రరీ మార్చడం కంటే ఈ ఒక్క పని ఎక్కువ మేలు చేస్తుంది.

నెల్లూరు_నథింగ్:

ఫిక్స్‌డ్ విడ్త్‌కి పార్సర్ లైబ్రరీ ఎందుకన్నా? 1 నుంచి 10 ఖాతా, 11 నుంచి 18 తేదీ అని స్పెక్‌లోనే ఉంటుంది కదా, బైట్‌స్ట్రింగ్‌లో టేక్, డ్రాప్ చాలు. ఒక్క జాగ్రత్త, కోత బైట్లలో కోయి, డీకోడ్ తర్వాత చెయ్. ముందే టెక్స్ట్‌గా మార్చి అక్షరాలు లెక్కపెడితే, ఎవరి పేరులోనైనా ఒక వింత అక్షరం ఉంటే అక్కణ్నుంచి కాలమ్‌లన్నీ జరిగిపోతాయి. పాత సిస్టమ్‌ల నుంచి వచ్చేవి యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ కాకపోవచ్చు, డీకోడ్‌యూటీఎఫ్8 అలాంటి బైట్ దగ్గర ఎక్సెప్షన్ విసురుతుంది. లాటిన్1 డీకోడ్ అయితే విసరదు.

సీఎస్‌వీకి కసావా కళ్లు మూసుకుని వాడు, లోపల అది కూడా అట్టోపార్సెక్కే. స్ట్రీమింగ్ మాడ్యూల్ ఉంది. కానీ బ్యాంకు సీఎస్‌వీల్లో హెడర్‌కి ముందు ఖాతాదారు పేరు, బ్రాంచ్ అడ్రస్, "ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా" అని పదిహేను లైన్ల పురాణం ఉంటుంది, అదంతా ముందు కోసి పారేసి అప్పుడు కసావాకి ఇవ్వాలి.

ఇంకోటి మర్చిపోయా. దారిలో ఎవరో ఒకరు సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తారు. ఖాతా నంబరు కాస్తా 5.01ఈ+13 అయిపోతుంది. ఆ కాలమ్‌ని సైంటిఫిక్ టైపుగా చదివితే పార్సర్ చక్కగా ఒప్పేసుకుంటుంది, ఎర్రరే రాదు, ఎవడి ఖాతాకో లెక్క పడుతుంది. ఖాతా నంబరుని నంబరుగా చదవొద్దు. టెక్స్ట్‌గా చదివి, అన్నీ అంకెలేనా అని చూడు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:

అబ్బా, ఎక్సెల్ సంగతి మాకూ ఉంది, కస్టమర్లు పంపే ఫైళ్లలో. థాంక్స్ అన్నా.

అయితే ఎంటీ940కి మెగాపార్సెక్, సీఎస్‌వీకి కసావా, ఫిక్స్‌డ్ విడ్త్‌కి చేత్తో కోత, ఇలా మూడు రకాలు ఒకే కోడ్‌బేస్‌లో ఉంటే ఫర్వాలేదా? మా లీడ్ "ఏదైనా ఒక్కటే ఉండాలి" అంటున్నాడు. రెండోది, మెగాపార్సెక్‌లోని ట్రై ఫంక్షన్ ఎక్కడ పెట్టాలో అర్థం కావట్లేదు, ఎక్కడ పడితే అక్కడ పెడితే నడుస్తోంది, తీస్తే ఆగుతోంది. మూడోది, డబ్బుకి ఏ టైపు?

లేజీ_లక్ష్మి:

లీడ్‌కి చెప్పండి, బయటికి వచ్చే రికార్డు టైపు ఒక్కటే ఉంటే చాలు, లోపల ఎవరు చదివారన్నది మిగతా కోడ్‌కి తెలియనక్కర్లేదు. పార్సర్ కాంబినేటర్స్ అని విడిగా ఒక ప్యాకేజీ ఉంది, సెప్‌బై, ఆప్షనల్, కౌంట్ లాంటివన్నీ అందులోంచి తీసుకుంటే మెగాపార్సెక్‌కీ అట్టోపార్సెక్‌కీ రెండింటికీ పనిచేస్తాయి.

ట్రై సంగతి. మెగాపార్సెక్‌లో ఒక దారి కాస్త ఇన్‌పుట్ తినేసి ఫెయిలైతే రెండో దారిని చూడనే చూడదు, చూడాలంటే ట్రై పెట్టాలి. అట్టోపార్సెక్ ఎప్పుడూ మొదటికి వచ్చేస్తుంది కాబట్టి అక్కడ ట్రై ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అందుకే కొత్తవాళ్లకి అట్టోపార్సెక్ తేలికనిపిస్తుంది, నిజమే. కానీ మీరు ట్రైని లావాదేవీ మొత్తానికి చుట్టి దాన్ని మెనీలో (ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు చదివే ఫంక్షన్) పెడితే ఏమవుతుందో చూడండి. లావాదేవీలో 21వ అక్షరం దగ్గర చుక్క పడింది, పార్సర్ ఫెయిలైంది, ట్రై దాన్ని లైను మొదటికి లాక్కొచ్చింది, మెనీ "సరే, లావాదేవీలు అయిపోయాయి" అనుకుని సంతోషంగా ముగించింది, తర్వాత ఫైలు చివర కోసం చూస్తే అక్కడ కోలన్ కనపడింది. మీకొచ్చే మెసేజ్: "కోలన్ వచ్చింది, ఫైలు అయిపోవాలి". అసలు తప్పు ఎక్కడుందో పూర్తిగా పోయింది. ఇంతదానికి అట్టోపార్సెక్ వాడినా ఒకటే కదా.

మీ ఫార్మాట్‌లో ట్రై దాదాపు అక్కర్లేదు. ప్రతి ఫీల్డూ :61:, :86: అని ట్యాగ్‌తో మొదలవుతుంది. మెగాపార్సెక్‌లో స్ట్రింగ్ పార్సర్ సరిపోలకపోతే తనే వెనక్కి వస్తుంది (పాత పార్సెక్‌లో రాదు, నెట్‌లో పాత ఉదాహరణలు చూసి కాపీ కొట్టినవాళ్లు అందుకే ట్రైలు చల్లేస్తారు). ట్యాగ్ చదివేశాక ఇక వెనక్కి తగ్గేది లేదు, లోపల ఏం తప్పొచ్చినా అక్కడే అరవాలి. ఆర్‌సి, ఆర్‌డి, సి, డి నాలుగింటినీ స్ట్రింగ్‌లుగా రాస్తే అక్కడా ట్రై వద్దు.

డబ్బుకి డబుల్ (దశాంశాలను దాదాపుగా మాత్రమే దాచే టైపు) అని ఎవరైనా రాస్తే ఆ పుల్ రిక్వెస్ట్ అక్కడే ఆపండి. పైసల్లో పూర్ణాంకం పెట్టుకోండి. ఇక్కడ ఎంటీ940లో ఒక మెలిక ఉంది. కామా తప్పనిసరి, కానీ కామా తర్వాత అంకెలు ఉండాలని లేదు. "12500," అంటే పన్నెండు వేల అయిదు వందలు. "12500,5" అంటే చివర యాభై పైసలు, అయిదు పైసలు కాదు. కామాకి అటు ఒక డెసిమల్ (అంకెల వరస చదివే ఫంక్షన్), ఇటు ఒక డెసిమల్ చదివి కలిపేస్తే ఇది తప్పిపోతుంది, కామా తర్వాత ఎన్ని అంకెలు వచ్చాయో కూడా చూడాలి. ఇంకా, రెండు లైబ్రరీల్లోనూ డెసిమల్ ఫంక్షన్‌కి ఇంట్ టైపు (హద్దున్న పూర్ణాంకం) ఇస్తే, అంకె మరీ పెద్దదైతే చప్పుడు చేయకుండా చుట్టు తిరిగి ఏదో నంబరు ఇచ్చేస్తుంది. హద్దులేని ఇంటీజర్‌గా చదివి, హద్దు మీరే చూసుకోండి.

చాయ్_టైప్‌క్లాస్:

ఫ్లాట్‌పార్స్ గురించి ఎవరూ అనలేదు. అంద్రాష్ కోవాచ్ రాసింది. మైక్రోబెంచ్‌మార్కుల్లో మిగతావాటికంటే ఎన్నో రెట్లు వేగం అని రీడ్‌మీలో ఉంటుంది, నేను చూసినంతలో అది ఉత్త గొప్ప కాదు. అందులో నచ్చేది వేగం ఒక్కటే కాదు, ఫెయిల్, ఎర్రర్ రెండూ వేరువేరు. ఫెయిలైతే ఇంకో దారి చూస్తుంది, ఎర్రర్ అయితే అక్కడితో ఆపేస్తుంది, కట్ అని పెడితే ఫెయిల్ కాస్తా ఎర్రర్ అవుతుంది. లక్ష్మిగారు చెప్పిన "ట్యాగ్ తర్వాత వెనక్కి తగ్గొద్దు" ఇందులో నేరుగా రాయొచ్చు.

అయినా బాధితుడు బ్రోకి నేను చెప్పను. బైట్‌స్ట్రింగ్ మొత్తం ముందే కావాలి, అందమైన ఎర్రర్ ప్రింటింగ్ మీరే రాసుకోవాలి. ఎంటీ940 ఫైలు చదవడం మీకు నిజంగా స్లోగా ఉందా? ప్రొఫైల్ చేసి, అంటే టైమ్ ఎక్కడ పోతోందో కొలిచి, చూడండి. ఇలాంటి పనుల్లో టైమ్ ఎక్కువగా పోయేది డేటాబేస్‌లో ఒక్కో వరసా విడివిడిగా ఇన్సర్ట్ చేసే దగ్గర. పార్సర్ మార్చి అది బాగవ్వదు.

కర్రీపాయింట్:

ప్రొఫైల్ మాటకి నాదీ ఓటు. ఫైలు మొత్తం మెమరీలో పట్టదనుకుంటే మెగాపార్సెక్‌ని వదలక్కర్లేదు కూడా. ఎంటీ940 ఫైల్లో స్టేట్‌మెంట్లు ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి, ప్రతిదీ :20: తో మొదలవుతుంది. కాండ్యూట్‌తో :20: దగ్గర తుంచుకుంటూ ఒక్కో స్టేట్‌మెంట్‌ని మెగాపార్సెక్‌కి ఇవ్వండి. మొదటి లైను నంబరు మాత్రం పార్సర్ మొదలుపెట్టేటప్పుడు దాని స్టేట్‌లో పెట్టండి, లేకపోతే ప్రతి స్టేట్‌మెంట్‌కీ 1 నుంచి లెక్క మొదలై ఆపరేషన్స్ వాళ్లు తికమకపడతారు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:

ప్రొఫైల్ పెట్టా. ఇన్సర్ట్‌లే, చాయ్ బ్రో చెప్పినట్టే. పార్సర్ రెండో స్థానంలో కూడా లేదు, రెండోది లాగింగ్ 🙂 మెగాపార్సెక్‌తోనే వెళ్తున్నా, :20: దగ్గర తుంచే పద్ధతిలో. ఇంకొక్కటి, :86: వివరంలో లైను మొదట్లోనే కోలన్ పెట్టి పంపే బ్యాంకు ఒకటి ఉంది మాకు, దాన్ని ఏం చేయాలి? అలాగే టెస్టులు ఎలా రాస్తున్నారు?

మోనాడ్_మావయ్య:

స్పెక్ ప్రకారం ఆ లైన్లు కోలన్‌తో గానీ హైఫన్‌తో గానీ మొదలవ్వకూడదు, కానీ స్పెక్ చదివి ఫైలు పంపే బ్యాంకు ఉంటే మీకు ఉద్యోగమే ఉండదు. కోలన్ కనిపించగానే ఆగకుండా, కోలన్, రెండంకెలు, ఉంటే ఒక అక్షరం, మళ్లీ కోలన్, ఈ ఆకారం ఉంటేనే కొత్త ట్యాగ్ అనుకోండి. నాట్‌ఫాలోడ్‌బై దీనికోసమే ఉంది, అది ఇన్‌పుట్ తినదు.

టెస్టులకి హెచ్‌స్పెక్ మెగాపార్సెక్ ప్యాకేజీ చాలు, ఫలానా చోట ఫలానా ఎర్రర్ రావాలి అని కూడా రాయొచ్చు. బాగున్న ఫైళ్లకంటే ఫెయిలైన ఫైళ్లు దాచుకోండి, ఒక్కో బ్యాంకు ఒక్కో రకంగా పాడుచేస్తుంది. రిపోలో పెట్టేముందు ఖాతా నంబర్లూ పేర్లూ మార్చేయండి, కానీ పొడవు మాత్రం మారనివ్వకండి, లేకపోతే ఫిక్స్‌డ్ విడ్త్ టెస్టులన్నీ పక్కకి జరుగుతాయి, 21వ అక్షరం దగ్గర రావాల్సిన ఎర్రర్ 19 దగ్గర వస్తుంది.